బంక్ పక్క కాలనీలో ఏది మేలు: మన బోరు నీళ్ల పరీక్షా, వేరే పరిశీలన బోర్లా?

పెట్రోల్ బంక్ భూగర్భ ట్యాంకు కారుతోందేమోనని అనుమానం వస్తే మన హైదరాబాద్ కాలనీల్లో మొదట చేసే పని బోరు నీళ్లు బాటిల్లో పట్టి ల్యాబ్‌కి పంపడం. రిపోర్టు బాగుందంటే టెన్షన్ తీరిందనుకుంటారు. నా భయమంతా ఇక్కడే. మామూలు రిపోర్టులో ఉండేవి టీడీఎస్, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా. పెట్రోల్‌లో ఉండే, క్యాన్సర్ తెచ్చే బెంజీన్ వీటిలో దేనికీ దొరకదు. టీడీఎస్ మీటర్ కరిగిన లవణాలనే చూస్తుంది. ముక్కునూ నమ్మలేం. తాగే నీళ్లలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాసన తెలియాలంటే అంతకు సుమారు వెయ్యి రెట్లు ఉండాలి.

అందుకే బెంజీన్, టోలుయిన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ అని పెట్రోల్‌లో ఉండే ఈ రసాయనాల పేర్లు రాసిచ్చి పరీక్ష అడగాలి. అయితే ఏ బోరు నీళ్లు ఇవ్వాలి?

మన బోరు నీళ్లే ఇస్తే ఖర్చు తక్కువ. మనం వాడే నీళ్ల సంగతి నేరుగా తెలుస్తుంది. కానీ హైదరాబాద్ నేల తీరు వేరు. పైన మొరం, కింద గ్రానైట్ రాయి. రాయి తగిలేదాకా కేసింగ్ దింపి, ఆ కింద వందల అడుగులు పైపు లేకుండా వదిలేస్తాం. ఏ లోతు పగుళ్లలోని నీళ్లయినా అందులోకి చేరి కలిసిపోతాయి. పెట్రోల్ నీటికంటే తేలిక, కాబట్టి నీటిమట్టం పైనే తేలుతుంది. మోటారేమో ఎక్కడో అడుగున ఉంటుంది. పైపొరలో విషం ఉన్నా, లోతు నీళ్లతో కలిసి పలచబడి రిపోర్టు శుభ్రంగా రావచ్చు. పైగా కేసింగ్ సరిగ్గా కూర్చోకపోతే పైన ఉన్న కాలుష్యం లోతుకు దిగడానికి ఆ బోరే దారి అవుతుంది. రోజంతా మోటారు నడిపితే చుట్టుపక్కల నీళ్లతో పాటు దాన్నీ మనవైపు లాక్కుంటాం. కాబట్టి మన బోరులో బెంజీన్ వస్తే లీకుకు అది బలమైన ఆధారం. రాకపోతే మాత్రం లీకు లేదని కాదు.

పరిశీలన బోర్లు ఈ పని కోసమే వేసేవి. లోతు తక్కువ, మొరం పొరలోనే ఆగుతాయి. సన్న చీలికల పైపును నీటిమట్టానికి కాస్త పైనా కిందా వచ్చేలా దింపుతారు, అప్పుడే తేలే పెట్రోల్ అందులోకి వస్తుంది. కనీసం మూడు కావాలి. మూడు చోట్ల నీటిమట్టం కొలిస్తేనే నీళ్లు ఎటు పారుతున్నాయో తెలుస్తుంది. ఒకటి బంక్‌కు ఎగువన, మిగతావి దిగువన, మన ఇళ్ల వైపు. గ్రానైట్ పగుళ్లు నేల వాలును పాటించాలనేం లేదు కాబట్టి మూడూ తప్పిపోయే అవకాశమూ ఉంది. అయినా మన బోరుకంటే ముందే అపాయం చెప్పగలవి ఇవే. ఖర్చు ఎక్కువ, బంక్ ఆవరణలో తవ్వాలంటే అనుమతి కావాలి, నేలలో పైపులు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లే తవ్వాలి.

ట్యాంకులో డిప్ రాడ్ (మట్టం కొలిచే కడ్డీ) పెట్టి స్టాకు లెక్క చూస్తున్నారుగా, అది చాలదా అని బంక్ వాళ్లు అంటారు. పెద్ద లీకు దాంతో త్వరగా బయటపడుతుంది, ఆ లెక్క తప్పక అడగండి. రోజుకో లీటరు కారితే మాత్రం ఆవిరికి, వేడికి మామూలుగా వచ్చే తేడాల్లో కలిసిపోయి లెక్కలో కనిపించదు. పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం వరకు ఉండొచ్చు. అంటే ఒక్క లీటరులో సుమారు 8.8 గ్రాములు. అదంతా కరిగితే 8.8 లక్షల లీటర్ల నీళ్లు ఆ 10 మైక్రోగ్రాముల హద్దును తాకుతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లలో లెక్కేస్తే 176.

శాంపిల్ తీసే తీరు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు కుళాయి దగ్గర పట్టిన నీళ్లలో బెంజీన్ చాలావరకు గాలిలో కలిసిపోయి ఉంటుంది. బోరు దగ్గరే, 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో, ఒక్క గాలి బుడగ లేకుండా నింపి, ఐస్ పెట్టెలో పంపాలి. ఒక్కసారి పరీక్షతో వదిలేయకూడదు. మే నెలలో నీటిమట్టం పడిపోతే పెట్రోల్ కూడా కిందికి దిగి మొరానికి అంటుకుంటుంది. వానల తర్వాత నీళ్లు పైకొచ్చి దాన్ని మళ్లీ తాకుతాయి. కాబట్టి మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి. బెంజీన్‌ను తినే నేలలోని సూక్ష్మజీవులు ఇప్పటి పెట్రోల్‌లో కలిసే ఇథనాల్‌ను ముందు తినేసి ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి, దాంతో బెంజీన్ ఇంకా ఎక్కువ కాలం మిగిలిపోతుంది.

ఏది మేలంటే, లీకు ఉందో లేదో తేల్చడానికి పరిశీలన బోర్లే. బోరు నీళ్లు తాగే ఇళ్లు ఉంటే ఆ పరిశీలన బోర్లు పడేదాకా ఆగకుండా ఈ వారమే తమ నీళ్లకు బెంజీన్ పరీక్ష చేయించుకోవాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో కొత్త బంకులకు ఇళ్ల నుంచి 50 మీటర్ల దూరం పెట్టమంది. అంతకుముందే ఇళ్ల మధ్య వెలిసిన బంకుల పక్కన ఉన్నవాళ్లకు ఆ దూరం కూడా లేదు. పరిశీలన బోర్ల ఖర్చు కాలనీ నెత్తిన పడకూడదు. కాలుష్యం చేసినవాళ్లే భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే అంగీకరించింది. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద బంక్ యజమానికి, ఆయిల్ కంపెనీకి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఒకే ఉత్తరం పంపండి. అందులో మూడు బోర్లు, ఏడాదికి రెండు పరీక్షలు, రిపోర్టు కాపీ కాలనీకి ఇవ్వడం అని స్పష్టంగా రాయండి.