చేప నడిచిన చోటు బాగుంది, నల్లి పరిగెత్తిన చోటే డబ్బు దండగ

కోరంగి మడ అడవులకి వెళ్లేవాళ్లు సెలవుందా, ఎండుందా అని చూసుకుంటారు గానీ సముద్రం పోటు మీద ఉందా, ఆటు మీద ఉందా అని ఎవరూ చూసుకోరు. పోటు మీద వెళ్తే చెట్లు, నీళ్లు, సెల్ఫీలు. ఆటు మీద వెళ్తే బురద బయటపడుతుంది. అసలు సినిమా అంతా ఆ బురదలోనే ఉంది. ఈ సంగతి మాకు చెప్పింది కాకినాడ ఆటో డ్రైవరు. "ఆయ్, ఇప్పుడెళ్తే నీళ్లే కనబడతాయండి. టిఫిన్ చేసి నిదానంగా పది దాటాక బయల్దేరదాం" అన్నాడు. రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి 900 రూపాయలు. దిగాక పైసా ఎక్కువ అడగలేదు. ఈ ప్రయాణంలో నాకు కడుపుమంట పుట్టించని ఖర్చులు రెండే రెండు. అందులో ఇదొకటి.

వెళ్లింది నేను, మా ఆవిడ, మూడో తరగతి చదివే మా వాడు, మా బావమరిది. గౌతమి ఎక్కి పడుకున్నాం, కాకినాడలో లేచాం. రైలు గురించి అంతకుమించి చెప్పడానికేం లేదు. లాడ్జి బుక్ చేసింది బావమరిది. దాని సంగతి తర్వాత. అప్పటికి గదిలో బ్యాగులు పడేసి బయటపడ్డాం.

అడవి యానాం వెళ్లే రోడ్డులోనే ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ ఓడలు కట్టే పెద్ద రేవు ఉండేది. 1839 తుఫాను దాన్ని ఊడ్చేసింది. 1978లో 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మేర అభయారణ్యం అన్నారు. మడ చెట్ల మధ్యగా చెక్కల దారి వేశారు. బురద తొక్కకుండా బురదని చూడొచ్చు.

"పులి ఉంటుందా బావా?" అన్నాడు బావమరిది, లోపలికి అడుగు పెట్టగానే.

పులి లేదు, బావురుపిల్లి ఉంటుందన్నాను. నీళ్లలోకి దిగి చేపలు పట్టే పిల్లి. కాలివేళ్ల మధ్య కొంత చర్మం సాగి ఉంటుంది, గోళ్లు మిగతా పిల్లుల్లో మాదిరి పూర్తిగా లోపలికి పోవు. కింద దట్టంగా పొట్టి బొచ్చు, దాని మీద పొడుగు బొచ్చు, అందువల్ల ఒళ్లు త్వరగా తడవదు. కానీ ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుతుంది.

"అంటే పగలు పిల్లి కూడా లేదన్నమాట" అని మొహం ముడుచుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఆ ముడత విప్పలేదు.

చెట్ల దగ్గర మా వాడు మొదట అడిగింది, నేలలోంచి ఇన్ని పెన్సిళ్లు ఎందుకు మొలిచాయని. అవి మడ చెట్టు వేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి కింద ఉన్న వేరు పిలకలు పైకి పంపి, వాటి మీది సన్నటి రంధ్రాల్లోంచి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ చెట్టుకి ఉప్పుతో ఇంకో బాధ. పీల్చిన నీళ్లలోంచి లోపలికి చేరిన ఉప్పుని ఆకుల మీదున్న గ్రంథుల్లోంచి బయటకి నెట్టేస్తుంది. ఒక ఆకు మీద తెల్లగా పొడి పట్టి ఉంది. మా వాడు వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుని, "నాన్నా, ఉప్పే" అన్నాడు. సైన్సు పాఠాల మీద వాడికి నమ్మకం కుదిరిన రోజది. అయితే పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఇదే బురదలో తిల్ల చెట్టు కూడా ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే కళ్లు పోయే ప్రమాదం ఉంది. ఏ చెట్టో తెలియకుండా ఆకులు తుంచనివ్వకండి.

ఇక మడ్‌స్కిప్పర్. వేలెడంత చేప. నీళ్లలో లేదు, బురద మీద కూర్చుని ఉంది. ముందు రెక్కల మీద బరువు మోపి, చంకకర్రలతో నడిచేవాడిలా ఒళ్లు ముందుకి విసురుకుంటూ పోతోంది. కళ్లు నెత్తి మీదున్నాయి. మేం చెక్కల మీద వంగి, కదలకుండా చాలాసేపు చూశాం. ఉన్నట్టుండి ఒక కన్ను కిందికి దిగి మాయమైంది, మళ్లీ పైకొచ్చింది. దానికి మనలాంటి రెప్పలు లేవు. కనుగుడ్డునే కింద ఉన్న చర్మపు సంచిలోకి లాక్కుని, తడిపి, తుడిచి పైకి పంపుతుంది. నీళ్లు వదిలి నేలకెక్కడానికీ, కన్ను ఆర్పడానికీ ముడి ఉందని 2023లో వీటి మీదే ఒక పరిశోధన వచ్చింది. నేలకెక్కిన మన పూర్వీకులకీ ఇదే అవసరం పడింది. కన్ను ఎండిపోకూడదు, దుమ్ము పడితే తుడుచుకోవాలి.

ఊపిరి సంగతి ఇంకా గమ్మత్తు. తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ, నోటి లోపలి పొరలతోనూ గాలి పీలుస్తుంది. ఒళ్లు ఆరిపోతుంటే బురదలో పక్కకి పొర్లుతుంది. మా కళ్ల ముందే ఒకటి టపీమని పొర్లి, లేచి, ఏమీ జరగనట్టు కూర్చుంది. గుడ్లు బురదలోని బొరియలో పెడుతుంది. అక్కడి నీళ్లలో ఆక్సిజన్ పెద్దగా ఉండదని మగచేప నోటి నిండా గాలి పట్టుకెళ్లి బొరియలో వదిలొస్తుంది. ఇలా ఎన్నిసార్లో! మా ఆవిడ ఇది విని నా వైపు చూసింది. మా వాడు పుట్టినప్పుడు నేనెన్ని రాత్రిళ్లు లేచానన్నది ఆ చూపులోని ప్రశ్న. నేను బైనాక్యులర్స్‌లోకి చూశాను.

"నాన్నా, ఇది మన తాత తాత తాతా?"

కాదు, దాయాది. మన వంశంవాళ్లు 37 కోట్ల ఏళ్ల కిందటి ముచ్చట. వాళ్ల బంధువు టిక్టాలిక్ అనే చేప శిలాజం 2004లో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో దొరికింది, దాని రెక్కల్లో అప్పటికే మణికట్టు లాంటి ఎముకలున్నాయి. మడ్‌స్కిప్పర్ది గోబీ చేపల కుటుంబం. ఇది వేరే కొమ్మ, చాలా తర్వాత విడిగా ఒడ్డెక్కింది. దీన్ని చూసి 'పాపం, సగం దారిలో ఆగిపోయింది' అనేవాళ్లుంటారు. ఆగిపోవడానికి అసలు అదెక్కడికీ బయల్దేరలేదు. ఆటులో బురద మీద తిండి దొరుకుతోంది, పోటీ తక్కువ, పిల్లలు బతుకుతున్నాయి. ఇంకెక్కడికి పోవాలి?

పక్కనే ఫిడ్లర్ ఎండ్రకాయలు. మగవాటికి ఒక డెక్క మాత్రం విపరీతంగా పెరుగుతుంది, ఒంటి బరువులో మూడో వంతు దాటి కొన్నిట్లో సగం దాకా ఉంటుంది. తినడానికి పనికిరాదు, ఉన్న చిన్న డెక్కతోనే మట్టి నోట్లో పెట్టుకోవాలి. పెద్దది ఆడవాటికి ఊపడానికి, సాటి మగవాణ్ణి బెదిరించడానికి. తమాషా ఏమిటంటే, కొట్లాటలో అది ఊడిపోతే మళ్లీ మొలుస్తుంది. కొన్ని జాతుల్లో ఆ కొత్తది తేలిక, బలం లేనిది. కానీ చూపుకి పాతదాని అంతే ఉంటుంది, ఎదుటివాడు పోల్చుకోలేడు. బావమరిది అప్పుడు మాత్రం నవ్వాడు. లాడ్జి వెబ్‌సైట్‌లో ఫొటోలు పెట్టినవాడు కూడా ఇదే జాతి అని ఆ రాత్రికి తేలింది.

బోటు ఎక్కలేదు. బావమరిది ఎక్కుదామన్నాడు. ఇంత బురద ఎదురుగా పెట్టుకుని బోటెందుకన్నాను. మాటామాటా పెరిగింది. మా ఆవిడ తమ్ముడి పక్షం. సరే, వదిలేయండి.

భోజనానికి ఆటోవాడే ఒక మెస్‌కి తీసుకెళ్లాడు. నాలుగు బల్లలు, గోడకి దేవుడి క్యాలెండర్. భోజనం 130, పండుగప్ప పులుసు ముక్క 260. నాకు నొప్పి పుట్టని రెండో ఖర్చు ఇదే. చింతపండు పులుపు ముందుకొచ్చి, తర్వాత మెంతుల చేదు తగిలీ తగలనట్టు తగిలి, చేప మాత్రం ముల్లు వదిలి తునకలు తునకలుగా విడిపోయింది. మా ఆవిడ పొద్దుట్నుంచి మొదటిసారి "బావుందండీ" అంది. పండుగప్ప జీవితం మగగా మొదలవుతుంది. కొన్నేళ్లు గడిచి ఒళ్లు పెరిగాక ఆడగా మారుతుంది. పెద్ద ఒంట్లో గుడ్లు లక్షల్లో పడతాయి, వీర్యానికి చిన్న ఒళ్లు చాలు, కాబట్టి లెక్క సరిపోయింది. బాగా పెద్ద చేపయితే దాదాపు ఆడదే. ఆ ముక్క సైజు చూసి ఇది ఆడదే అయ్యుంటుందని మెస్ ఆయనకి చెప్పాను. "ఏదైనా పులుసొకటేనండి" అని ఇంకో గరిటె పోశాడు. బావమరిది జనవరిలో పులస అడిగాడు. ఆయన నవ్వాపుకుని, "వరద నీళ్లొచ్చాక శ్రావణంలో రండి బాబూ" అన్నాడు. సముద్రంలో ఒంట్లోని ఉప్పు బయటకి తోసే మొప్పలు, గోదాట్లోకి వచ్చాక ఉన్న ఉప్పు పోకుండా పట్టుకునే పనిలోకి మారతాయి. ఆ చేప పని అంత తేలిక్కాదు, మన పర్సుకీ అంత తేలిక్కాదు.

ఇప్పుడు లాడ్జి. ఏసీ డీలక్స్ 2,200, అదనపు పరుపు 400, దేనికో తెలియని 'సర్వీస్' 150. ఫొటోలో కిటికీ బయట కొబ్బరి చెట్లున్నాయి, అసలు కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ జనరేటర్. ఏసీ రిమోట్ కౌంటర్‌లో ఉంటుందట, అడిగితేనే ఇస్తారట. ఇవన్నీ సర్దుకున్నాం. రాత్రి ఒంటిగంటకి మా ఆవిడ "ఏమండీ, ఏదో పాకుతోంది" అని లేచింది. లైటు వేస్తే దిండు మీద ఉలవగింజంత ఒకటి, ఇంకొకటి గోడ వైపు పరుగు. నల్లులు. మా ఆవిడ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మనుషులకి ఒంటి మీద బొచ్చు ఎప్పుడో పల్చబడింది గానీ, దాన్ని నిలబెట్టే కండరాలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. ఈ మాట అప్పుడే అన్నాను. అనకూడని సమయం.

నల్లుల మీద నాకు కోపం లేదు, గౌరవమే. 2019లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం వాటి కుటుంబానికి 10 కోట్ల ఏళ్ల పైనే వయసు. అంటే డైనోసార్ల కాలం. గబ్బిలాల రక్తం మీద మొదలయ్యాయనుకునేవాళ్లు, తీరా చూస్తే గబ్బిలాలకంటే ఇవే పాతవి. రెక్కలు పోగొట్టుకున్నాయి, ఒళ్లు పల్చగా చేసుకున్నాయి, పరుపు కుట్టు సందులో పడుకుంటాయి. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నీ ఒంటి వేడినీ పట్టుకుని వస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ముందు ఉమ్ము ఎక్కిస్తాయి. తిండి లేకుండా నెలలు గడుపుతాయి. వాటి పెళ్లి ముచ్చట మాత్రం దారుణం. మగది ఆడదాని పొట్టనే పొడిచి వీర్యం ఎక్కిస్తుంది. ఆ గాయానికి తట్టుకోవడానికి ఆడదాని పొట్టలో అక్కడే ఒక ప్రత్యేక అవయవం తయారైంది.

లాడ్జి కుర్రాడు నిద్రకళ్లతో వచ్చి ఏదో స్ప్రే కొట్టాడు. నల్లి ఒకసారి ఆగి, మళ్లీ నడిచింది. డీడీటీ వాడకంలోకి వచ్చిన కొద్ది ఏళ్లకే, 1947 నాటికి హవాయిలో దానికి చావని నల్లులు కనబడ్డాయి. ఇప్పటి మందులకీ చాలాచోట్ల అదే గతి. కొట్టినప్పుడల్లా బలహీనమైనవి పోతాయి, తట్టుకున్నవే పిల్లల్ని కంటాయి. కుర్రాడు చంపుతున్నాననుకుని వడపోత పోస్తున్నాడు.

బావమరిది మాత్రం "నన్నొక్కటీ కుట్టలేదే!" అన్నాడు. బుక్ చేసిన పరువు మరి. కుట్టకేం, కుట్టే ఉంటాయి. దద్దురు వచ్చేది మన ఒళ్లు వాటి ఉమ్ముకి ఎదురు తిరిగినప్పుడే. కొందరి ఒళ్లు ఎదురు తిరగదు. నాకూ ఆవిడకీ చేతుల మీద వరస కట్టి దద్దుర్లు, వాడికి నున్నటి చెయ్యి.

పొద్దున్న ఓనరుతో పంచాయితీ. "మీ బ్యాగుల్లోంచే వచ్చుంటాయి సార్" అన్నాడు, కాఫీ తాగుతూ. పైకి రమ్మన్నాను. పరుపు మూల ఎత్తి ఫోన్ టార్చ్ వేశాను. కుట్టు పొడుగునా నల్లటి చుక్కలు, అవి అరిగిన రక్తం మరకలు. పక్కనే తేనెరంగు పొట్టు, పెద్దదీ చిన్నదీ అన్ని సైజుల్లో. నల్లి పెద్దదయ్యేలోపు అయిదుసార్లు కుబుసం విడుస్తుంది, ప్రతిసారీ ముందు ఒకసారి రక్తం తాగాలి. దానికి వారాలు పడుతుంది. "నిన్న పొద్దున దిగిన బ్యాగులోంచి ఇన్ని తరాలు ఒక్క రాత్రిలో పుట్టాయా?" అన్నాను. ఆయన పొట్టు వైపు చూసి, కాఫీ కప్పు వైపు చూసి, "సర్వీస్ చార్జీ తీసేస్తాం సార్" అన్నాడు. మా ఆవిడ చేతులు చూపించి ఒక్క మాట కూడా అనలేదు. 500 తిరిగొచ్చాయి. అన్ని ఖర్చుల్లోకీ ఆవిడ మౌనానికే మంచి రేటు పలికింది.

కాకినాడ అనే కాదు, ఎక్కడ దిగినా అడ్వాన్సు ఇచ్చే ముందు దుప్పటి మూల ఎత్తి పరుపు కుట్టు చూడండి. మంచం తలవైపు చెక్క సందు కూడా. బ్యాగు మంచం మీద పెట్టకండి. రెండో రాత్రి ఏసీ లేని 1,100 గదిలో పడుకున్నాం. ఫ్యాన్ కిర్రుమంది, బకెట్‌కి చెవి లేదు, హాయిగా నిద్రపట్టింది.

ఇంటికొచ్చాక బట్టలన్నీ గుమ్మంలోనే విప్పించి మరిగే నీళ్లలో నానబెట్టాను. 50 డిగ్రీల వేడి నిలకడగా తగిలితే నల్లులకి గాని గుడ్లకి గాని బతుకు లేదు. బావమరిదిని కూడా చెయ్యమన్నాను. "నన్ను కుట్టనేలేదు కదా బావా" అని బ్యాగు అలాగే అటక మీద పడేశాడు.

మొన్న వాళ్లావిడ ఫోన్ చేసింది. "అన్నయ్యా, పిల్లకి చేతుల మీద వరసగా దద్దుర్లొచ్చాయి, ఈయనకేమో ఏం లేదు. ఏమై ఉంటుందంటారు?"