రెండు కంపెనీల కనెక్షన్లు ఉన్నాయని ధీమాగా ఉండకండి

బిజినెస్ కోసం బ్యాకప్ ఇంటర్నెట్ కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే సంతకం పెట్టండి.

మా ఆఫీసుకి రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ తీసుకున్నాను. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుందని ధైర్యం. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే, పక్కపక్కన ఉన్న రెండు మోడెంల మీదా ఒకేసారి ఎర్ర లైట్ వెలిగింది. ఆర్డర్లు ఆగిపోయాయి, కార్డ్ మిషన్ పనిచేయలేదు, ఫోన్ చేసిన కస్టమర్లకి లైనే కలవలేదు. సాయంత్రం వచ్చిన లైన్‌మన్ చెప్పాడు: "రెండు కేబుళ్లూ ఒకే పైపులోంచి వస్తున్నాయండి. రోడ్డు తవ్వేటప్పుడు రెండూ తెగాయి."

రెండు బిల్లులు కట్టాను, వచ్చింది మాత్రం ఒకే దారిన. అమ్మేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు, మనమే అడగాలి. కేబుల్ ఏ దారిన వస్తుంది, బిల్డింగ్‌లోకి ఎక్కడ దిగుతుంది, సొంత లైనా, ఇంకొకరి దగ్గర అద్దెకు తీసుకున్నదా? జవాబు కాగితం మీద రాయించుకోండి.

బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చిన కంపెనీ సిమ్మునే బ్యాకప్‌గా పెట్టుకోవడం ఇంకా ప్రమాదం. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం కంపెనీ నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు మొబైల్, ఇంటర్నెట్ రెండూ కలిసే పోయాయి, ఎందుకంటే రెండింటికీ కోర్ నెట్‌వర్క్ (డేటా అంతా కలిసే నడిమి వ్యవస్థ) ఒకటే. అప్‌గ్రేడ్ చేస్తూ ఒక రూటర్‌లో ఫిల్టర్ తీసేయడంతో రూట్లు (డేటా ఏ దారిన వెళ్లాలో చెప్పే సమాచారం) వరదలా వచ్చి కోర్ రూటర్లు చేతులెత్తేశాయి. 1.2 కోట్ల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. చాలామందికి 911 ఎమర్జెన్సీ కాల్స్ కూడా కలవలేదు. దాన్ని బాగుచేయాల్సిన ఇంజినీర్లు వాడే నెట్‌వర్క్ కూడా ఆ కోర్ మీదే ఆధారపడి ఉండటంతో, సమస్య ఎక్కడుందో పట్టుకోవడానికే గంటలు పట్టింది.

"99.9 శాతం అప్‌టైమ్", అంటే అంత సమయం లైన్ పనిచేస్తుందన్న మాటకీ పడిపోకండి. ఏడాది మీద లెక్క కడితే దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు. అంటే మనకి ఒక పనిరోజు మొత్తం. పరిహారం అడిగితే బిల్లులో ఆ ఒక్కరోజు అద్దె తగ్గించారు, పోయిన ఆర్డర్ల ఊసే లేదు.

ఇప్పుడు రెండో లైన్ తీసేసి వేరే కంపెనీ వైర్‌లెస్ కనెక్షన్ పెట్టాను. మొన్న, పనివేళల్లోనే, మెయిన్ వైర్ పీకి చూశాను. కంప్యూటర్లు అర నిమిషంలో మారాయి కానీ, కార్డ్ మిషన్ మారలేదు. దాన్ని ఇంకా సరిచేయిస్తున్నాను.