కోర్గ్ పీఏ700: ప్యాడ్ నొక్కితే డోలు ఎట్లా ఆగాలి?

మాది హనుమకొండలో చిన్న ఆర్కెస్ట్రా. పెళ్లిళ్లు, బోనాలు, మల్లన్న పట్నాలు, బతుకమ్మ తొమ్మిది రోజులు. కీబోర్డు నాది. నా దగ్గరున్న కోర్గ్ పీఏ700 2017లో వచ్చిన మోడల్. 61 కీలు, ఏడంగుళాల టచ్ స్క్రీన్, లోపలే రెండు స్పీకర్లు. కొత్తది లక్ష పైమాటే. దీని గురించి మాట్లాడేవాళ్లంతా టోన్లు ఎన్ని, స్టైల్స్ ఎన్ని అనే లెక్కల దగ్గరే ఆగిపోతారు. నేను కొన్నది మాత్రం నాలుగు ప్యాడ్ల కోసం, అంటే నొక్కితే మనం నింపుకున్న శబ్దం మోగే బటన్ల కోసం.

నేను చూసిన ఏ కీబోర్డులోనూ ఒగ్గు డోలు గానీ, బైండ్లోళ్లు తీగ లాగి వాయించే జమిడిక గానీ నాకు దొరకలేదు. మనమే రికార్డు చేసి ఎక్కించుకోవాలి. ఐనవోలు జాతరకు వచ్చే ఒక డోలు కళాకారుణ్ణి ఇంటికి పిలిచి, డబ్బులిచ్చి, రెండు బార్ల (బార్ అంటే తాళం ఒక చుట్టు) దరువులు కొన్ని వేవ్ ఫైళ్లుగా రికార్డు చేసుకున్నా. (ఫోన్లో దొరికిన వీడియోల నుంచి దరువులు కోసుకునే అన్నలకు నమస్కారం. ఆ పని చేయకండి. వాళ్ల పొట్ట ఆ దరువు మీదే ఉంది.) ఆ శాంపిల్ (రికార్డు చేసిన శబ్దం ముక్క) ఎక్కించడం, అటూ ఇటూ కత్తిరించడం కష్టమేమీ కాదు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది: నొక్కగానే ఎప్పుడు మొదలవ్వాలి, ఎన్నిసార్లు తిరగాలి, ఎక్కడ ఆగాలి?

మొదలు సంగతి తేలికే. ప్యాడ్ సింక్‌లో ఆఫ్, బీట్, మెజర్ అని మూడు ఉన్నాయి. ఆఫ్ పెడితే వేలు పడ్డ క్షణంలోనే మోగుతుంది. బీట్ పెడితే వచ్చే బీట్ మీద, మెజర్ పెడితే వచ్చే బార్ మొదట్లో అందుకుంటుంది. దరువులకు నేను మెజరే పెడతాను. స్టేజీ మీద ఒక చేత్తో కార్డ్స్ (రెండు మూడు కీలు కలిపి నొక్కే స్వరాలు) పట్టుకుని, పాడే అక్క సైగ చూస్తూ ప్యాడ్ నొక్కేటప్పుడు వేలు కొంచెం ముందు పడినా దరువు బార్ దగ్గరే ఎత్తుకుంటుంది. జమిడిక ఒక్క దెబ్బకు, ఈలకు, కేకకు మాత్రం ఆఫ్. అవి అనుకున్న క్షణంలో పడకపోతే పాడేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

తిరగడం దగ్గర చాలామంది శాంపిల్‌కే లూప్ (అయిపోగానే మళ్లీ మొదటికి తిరగడం) పెట్టేస్తారు. నేను పెట్టను. 120 టెంపోలో, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంలో, నాలుగు బీట్ల బార్ అంటే 2 సెకన్లు, రెండు బార్లు 4 సెకన్లు. మీ కత్తిరింపు పిసరంత ఎక్కువున్నా ప్రతి తిప్పుకూ ఆ తేడా పేరుకుంటూ పోతుంది. ఒక నిమిషం గడిచేసరికి డోలు ఒక దారి, తబలా ఒక దారి. దానికి బదులు శాంపిల్‌ను డ్రమ్ కిట్‌లో (ఒక్కో కీకి ఒక్కో దెబ్బ ఉండే సెట్టు) ఒక కీ మీద పెట్టి, ప్యాడ్‌లో రెండు బార్లకు ఒక్క నోటు రికార్డు చేసి, ప్యాడ్‌కు లూప్ పెట్టండి. అప్పుడు ప్రతి తిప్పూ కీబోర్డు తాళంతోనే మొదలవుతుంది. అదే కీకి సింగిల్ ట్రిగర్ ఆన్ చేస్తే, పాత తోక మిగిలున్నా కొత్త దెబ్బ రాగానే ఆగిపోతుంది.

ఆపడానికి పక్కనే స్టాప్ బటన్ ఉంది. ఉత్తగా నొక్కితే ప్యాడ్లన్నీ ఆగుతాయి, దాన్ని పట్టుకుని ఒక ప్యాడ్ నొక్కితే అదొక్కటే ఆగుతుంది. కానీ శబ్దం టక్కున తెగాలా, దరువు పూర్తయ్యాక ఆగాలా అనేది డ్రమ్ కిట్ ఎడిట్‌లో ప్రతి కీకీ ఉండే రిసీవ్ నోట్ ఆఫ్ చేతిలో ఉంది. తిరుగుతూ ఉండే దరువుకు అది ఆన్. ముక్తాయింపుకు ఆఫ్, అది చివరి దెబ్బ దాకా మోగాల్సిందే. ఇంకోటి ఎక్స్‌క్లూజివ్ గ్రూప్. నెమ్మది దరువు, జోరు దరువు రెండింటికీ ఒకే గ్రూప్ నంబర్ ఇస్తే ఒకటి మొదలవగానే రెండోది నోరు మూస్తుంది. డ్రమ్స్‌లో హై హ్యాట్ అనే జంట తాళాల కోసం పెట్టిన ఏర్పాటు ఇది, మన డోలుకు దొరికింది. ఇంత డబ్బు పెట్టినందుకు నాకు గిట్టుబాటైంది ఈ ఒక్క పేజీ వల్లే అంటాను.

టెంపోతోనే చిక్కు. ఇది ఏ కంపెనీ శాంపిల్‌కైనా ఉండేదే. వేగం నూటికి ఆరు వంతులు పెంచడానికి శాంపిల్‌ను గబగబా నడిపిస్తే శ్రుతి కూడా అర మెట్టు ఎక్కుతుంది, ఒకటి శ్రుతి కాస్తా ఒకటిన్నర శ్రుతి అవుతుంది. డోలు గొంతు పిల్లగాడి గొంతులా మారుతుంది. కీబోర్డులోని టైమ్ స్లైస్ అనే సౌకర్యం దరువును దెబ్బదెబ్బకు ముక్కలు చేసి ఇస్తుంది, శ్రుతి చెడకుండా టెంపో మార్చుకోవచ్చు. విడివిడి దెబ్బలున్న డప్పుకు అది బ్రహ్మాండం. తీగను లాగి శబ్దం సాగదీసే జమిడికకు పనికిరాదు, ముక్కల మధ్య శబ్దం చిట్లుతుంది. అందుకే జమిడిక దరువును 100, 110, 120 టెంపోలకు వేరువేరుగా వాయించి రికార్డు చేసుకున్నాం.

రెడీమేడ్ శాంపిళ్లు కొనేవాళ్లకు ఒక మాట. ఒక దుకాణంలో 'తెలంగాణ ఫోక్ ప్యాడ్స్' అంటూ పెన్‌డ్రైవ్ అంటగట్టారు. ప్రతి ఫైల్ మొదట్లో కొంత ఖాళీ. మెజర్ సింక్ ఉన్నా దరువు ఆలస్యంగా పడుతోంది. "అన్నా, కీబోర్డు స్లో ఉందా?" అని మా దగ్గర ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వాయించే తమ్ముడు అడిగితే, వేవ్‌ఫామ్ (శబ్దం బొమ్మ) తెరిచి ఆ ఖాళీ చూపించాను. కొనేముందు ఒక్క ఫైలైనా తెరిచి చూడండి.

ఇంట్లో భజనలకు, పిల్లల క్లాసులకు ఇంత కీబోర్డు అక్కర్లేదు, దీనికి పావు వంతు ధరలో ఉన్నవి చాలు. స్టేజీ మీద దరువులు నడిపేవాళ్లు తీసుకోండి. సెకండ్ హ్యాండ్ దొరికితే ప్యాడ్ బటన్లన్నీ, ముఖ్యంగా స్టాప్, గట్టిగా నొక్కి చూడండి. ముందాయన దాచుకున్న శాంపిళ్లు ఉంటే చెరిపేసేముందు ఒకసారి వినండి. నాకు అట్లాగే ఒక మంచి రుంజ వాద్యం దరువు దొరికింది. అది ఎవరు వాయించారో ఆ ముందాయనకే ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నా.