మూడేళ్లు వాడినాక మా షాపులో ఎస్ఎస్‌డీ సంగతి

మాది కావలి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న షాపు. మూడేళ్ల నాడు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (మదర్‌బోర్డుకే గుచ్చే స్పీడు చిప్ డ్రైవ్) ఒకటి తీసుకున్నా, కంపెనీ పేరు ఎందుకులే, క్యూఎల్‌సీ అనే చవక చిప్ రకం, డీరామ్ (డ్రైవ్‌కి సొంతంగా ఉండే చిన్న మెమరీ) లేదు, రేటు చూసి పడిపోయినా అంతే.

మొదట్లో బలే ఉండింది. మాఘమాసం ముహూర్తాలొచ్చి డ్రైవ్ నిండేసరికి రంగు బయటపడింది. కెమెరామెన్ పోర్టబుల్ డ్రైవ్ పెట్టి 100 జీబీ కాపీ కొడితే మొదట సెకనుకి 900 ఎంబీ దాకా పోతది, ముప్పై జీబీ దాటినాక 90కి పడిపోతది, అదే టైమ్‌లో ల్యాన్‌లో (షాపు కంప్యూటర్లని కలిపే కేబుల్ మీద) ఇంకో సిస్టం నుంచి ఇదే డ్రైవ్ మీద ఎడిట్ చేసుకుంటా ఉండే మా తమ్ముడి టైమ్‌లైన్ బిగుసుకుపోతది, "అన్నా ఏం చేసినావ్" అని ఒకటే అరుపులు.

నేను ల్యాన్ కేబుల్ మార్చినా, దండగ. తర్వాత అర్థమైంది ఏందంటే, క్యూఎల్‌సీలో ఒక సెల్‌లో, అంటే చిప్‌లో డేటా దాచే చిన్న గదిలో, 4 బిట్లు పట్టాల, కానీ అట్టా రాయడం లేటు కాబట్టి ముందు ఒక్కో బిట్టే పెట్టి గబగబా రాసేస్తది, షేర్ ఆటోలో నలుగురి సీట్లో ఒక్కడే కూర్చున్నట్టు. 400 జీబీ ఖాళీ ఉంటే ఆ స్పీడు మహా అయితే 100 జీబీ వరకే, 130 ఖాళీ ఉంటే ముప్పై చిల్లర. ఆ జాగా అయిపోతే పాతవాళ్లని సర్దుతా కొత్తవాళ్లని ఎక్కించుకోవాల, చదవడానికొచ్చిన తమ్ముడి ఫైలు ఈ రాతలన్నిటి వెనకాల లైన్లో నిలబడతది, ఎందుకంటే చిప్‌లో చదివేదానికన్నా రాసేదానికి, చెరిపేదానికి చానా ఎక్కువ టైం పడతది.

ఇప్పుడు 300 జీబీ ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తా, ముట్టుకోను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా రాసుకునే కాష్ ఫైళ్లు ఇంకో పాత సాటా (కేబుల్‌తో తగిలించే రకం) ఎస్ఎస్‌డీకి మార్చేసినా, దీనికే సగం గోల తగ్గింది. ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల జాగా ఖాళీ అయిందని డ్రైవ్‌కి చెప్పే సెట్టింగ్) ఆన్‌లోనే ఉండింది, చూసుకోండి మీరు కూడా. ఇంకోటి, మే నెల ఎండకి షాపులో ఫ్యాన్ గాలే వేడిగా కొడతది, డ్రైవ్ 80 డిగ్రీలు దాటి దానంతటదే స్లో అయ్యేది, వేడి లాగేసే చిన్న రేకు, హీట్‌సింక్, అంటిస్తే అరవైల్లో ఆగింది.

డ్రైవ్ హెల్త్ (మిగిలిన ఆయుష్షు) ఇంకా 88 శాతం చూపిస్తా ఉండాది, ఫైలు ఒక్కటి పోలా, ఆ మాట ఒప్పుకోవాల. ఒక్కడే వాడే ఇంటి సిస్టంకి ఓకే, ఇద్దరు పడి వాడేదానికి మాత్రం డీరామ్ ఉన్న టీఎల్‌సీ (సెల్‌కి 3 బిట్లే పెట్టే రకం) తీసుకోండి. మా షాపులో పెద్ద కాపీలన్నీ ఇప్పుడు మధ్యాహ్నం తమ్ముడు అన్నానికి లేచినాకే.