కిగాలీలో రెండు వారాలు, జింజాలో మూడు వారాలు: జీతం లేని సలహాదారుగా

రువాండా రాజధాని కిగాలీలో నేను పెట్టిన మొదటి ట్రైనింగ్‌కి ఒక్కరూ రాలేదు. శనివారం ఉదయం తొమ్మిదింటికి రమ్మని చిన్న వ్యాపారులందరికీ మెసేజ్ పెడితే ఇద్దరు ముగ్గురు నవ్వు బొమ్మలు పంపారు, అది ఒప్పుకోవడమే అనుకున్నాను. తీరా బయటికొస్తే రోడ్డు ఖాళీ, షాపులన్నీ మూసేసి ఉన్నాయి, జనం పారలు పట్టుకుని కాలవ శుభ్రం చేస్తున్నారు. అది నెలలో ఆఖరి శనివారం. రువాండాలో ఆ ఉదయం ఉముగాండా, అంటే ఊరంతా కలిసి చేసే సామూహిక పని, ఎనిమిది నుంచి పదకొండు దాకా. నన్ను పంపిన సంస్థ ఇచ్చిన నలభై పేజీల పత్రంలో ఈ ఒక్క ముక్క లేదు.

నా పని లెక్కలు, కాస్టింగ్ (అంటే సరుకు తయారీకి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం). రిటైరయ్యాక ఇలా జీతం లేకుండా వేరే దేశాల చిన్న వ్యాపారులకు సలహాలివ్వడానికి వెళ్లొచ్చని తెలిసి మొదలుపెట్టాను. ఇది కొత్త విషయమేమీ కాదు, ఇలా మనుషుల్ని పంపే సంస్థలు ఎప్పట్నుంచో ఉన్నాయి: అమెరికాలో ఇంటర్నేషనల్ ఎగ్జిక్యూటివ్ సర్వీస్ కార్ప్స్ 1964లోనే పుట్టింది, నెదర్లాండ్స్‌లో పమ్ 1978లో, జర్మనీలో సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్ 1983లో. వీటిలో నాకు నచ్చేది ఒకటే: వ్యాపారి తనకు ఫలానా సాయం కావాలని అడుగుతాడు, అప్పుడు మనిషిని వెతుకుతారు. ఇంకో రకం ఉంది, మన దగ్గరే ఫీజు తీసుకుని "ప్లేస్‌మెంట్" ఇస్తారు, అక్కడికెళ్లాక ఎవరికో ఒకరికి అంటగడతారు. కిగాలీలో నాకు తగిలింది ఈ రెండోది. పేరు చెప్పను గానీ, డబ్బు కట్టేముందు "నన్ను అడిగిన వ్యాపారి ఎవరు, ఆయనతో ఒకసారి ఫోన్లో మాట్లాడిస్తారా?" అని అడగండి. నసిగితే వదిలేయండి.

ఊరి విషయానికొస్తే కిగాలీకి వంక పెట్టలేం. శుభ్రం, రాత్రి నడిచినా భయం వేయదు, మోటార్ సైకిల్ ట్యాక్సీ ఎక్కితే వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఇస్తారు, తప్పనిసరి. ప్లాస్టిక్ సంచులు 2008 నుంచే నిషేధం, సూట్‌కేసులో బట్టలు కవర్లలో చుట్టుకుని దిగకండి. బస కిమిహురురాలో ఇచ్చారు, వేడినీళ్లు, మంచి వైఫై, కొండ మీంచి చల్లగాలి. కానీ నేను చూడాల్సిన ఫర్నిచర్ వర్క్‌షాపు గిసోజీలో, వడ్రంగులంతా ఒకేచోట ఉండే అగకిరిరోలో. రోజూ కొండలెక్కి దిగి పదింటికి చేరేవాణ్ని, అప్పటికి ఓనరు కస్టమర్లతో బిజీ. ఆయనకు కావాల్సింది కలప ధర పెరిగినప్పుడు ముందే ఒప్పుకున్న ఆర్డర్లను ఎలా నెట్టుకురావాలన్నది. నా కాగితాల మీద రాసి ఉన్నది "మార్కెటింగ్ శిక్షణ". ఆ సంగతి ఆయన నోట రావడానికే ఎనిమిది రోజులు పట్టింది. పైగా అనువాదకుడు మధ్యాహ్నం దాకానే. అక్కడ బడుల్లో చదువు ఇంగ్లీషులోకి మారింది 2008 తర్వాత, పెద్దవాళ్లకు కిన్యరువాండా, కొంచెం ఫ్రెంచి. చివరికి కొటేషన్ మీద "ఈ ధర పదిహేను రోజులే" అన్న ఒక లైను రాయించగలిగాను, అంతే. రెండు వారాలకి ఒక లైను!

(గిసోజీలోనే 1994 మారణహోమ స్మారకం ఉంది, అక్కడ రెండున్నర లక్షల మందికి పైగా సమాధి చేశారు. చూసి తీరాలి. కానీ ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి, నేను పెట్టుకుని మధ్యలో లేచి వచ్చేశాను.)

జింజా యుగాండాలో ఉంది, విక్టోరియా సరస్సు నుంచి నైలు నది బయటికొచ్చే చోటు. కిగాలీ నుంచి యుగాండా రాజధాని కంపాలాకి పగటి బస్సు ఎక్కాను. గటూనా సరిహద్దు 2019లో మూసేసి 2022లో తెరిచారు, ఇప్పుడు మామూలే. దిగి, స్టాంపు కొట్టించుకుని, నడిచి అవతలికి వెళ్లి మళ్లీ ఎక్కాలి. అటుపక్క గడియారం ఒక గంట ముందు, బండ్లు కుడివైపు నుంచి ఎడమవైపుకి మారతాయి, రోడ్డు దాటేటప్పుడు తల అటూ ఇటూ తిప్పి చూసుకోండి. పసుపు జ్వరం టీకా కార్డు యుగాండాకి తప్పనిసరి, కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. వీసా గురించి ఒక్క మాట: రువాండా, యుగాండా, కెన్యా మూడింటికీ కలిపి తూర్పు ఆఫ్రికా టూరిస్టు వీసా ఉంది, 90 రోజులకి 100 డాలర్లు. చవకే, కానీ అది చూసి రావడానికి. జీతం లేకపోయినా పని పనే అంటారు చాలా దేశాల్లో, కాబట్టి మీకు ఏ అనుమతి కావాలో పిలిచినవాళ్లతో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

కంపాలా నుంచి జింజా 80 కిలోమీటర్లే. పద్నాలుగు సీట్ల వ్యాను, అక్కడ దాన్నే ట్యాక్సీ అంటారు, నిండితేనే కదులుతుంది. నేను గంటన్నర అందులో కూర్చున్నాకే అది కదిలింది.

బస మామూలు గెస్ట్‌హౌస్. రెండు రోజులకోసారి కరెంటు పోయేది, దోమతెరకి బొటనవేలంత చిల్లు, దాన్ని నేనే సూదీ దారంతో కుట్టుకున్నాను (మలేరియా మాత్రలు వేసుకుంటున్నా సరే, తెర కావాల్సిందే). కానీ నన్ను పిలిచిన ఆవిడ దుకాణం నాలుగడుగుల దూరం. ఇదే అసలు సౌకర్యం. పొద్దున్నే షట్టరు తీసేటప్పుడు ఉండేవాణ్ని, సాయంత్రం డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఉండేవాణ్ని.

ఆవిడది స్కూలు యూనిఫాంలు కుట్టే షాపు, మెయిన్ స్ట్రీట్ దగ్గర పాత మేడలో. ఆ వీధిలో చాలా మేడల నెత్తిన కట్టించిన గుజరాతీ వ్యాపారుల పేర్లు, సంవత్సరాలు ఇంకా చెక్కి ఉన్నాయి. 1972లో అప్పటి నియంత ఇదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి వాళ్లను వెళ్లగొట్టాడు. బయటినుంచి వచ్చి వ్యాపారం గురించి చెప్పబోయే ముందు ఆ గోడలు ఒకసారి తలెత్తి చూడాలనిపించింది నాకు.

లెక్కల పుస్తకం అడిగితే పిల్లల నోటుబుక్కు తెచ్చింది. ఒకే పేజీలో నీలం గుడ్డ, బొత్తాలు, కొడుకు ఫీజు, చర్చి కానుక, మళ్లీ బొత్తాలు. నేను మూడు రోజులు కూర్చుని లాప్‌టాప్‌లో అందమైన పట్టిక చేశాను. ఆవిడ చూసి "బాగుంది" అంది, నాలుగో రోజు నోటుబుక్కులోనే రాసుకుంది. అప్పుడు మూసేశాను లాప్‌టాప్. అక్కడ డబ్బు ఫోను నంబరు మీదే దాచుకుంటారు, పంపుకుంటారు, మొబైల్ మనీ అంటారు. ఆవిడ ఫోనులో రెండు సిమ్ములు ఉన్నాయి కదా, ఒకటి షాపుకి, ఒకటి ఇంటికి అన్నాను. యూనిఫాం డబ్బు మొదటి నంబరుకే రావాలి, వారానికోసారి జీతంలాగా రెండో దానికి పంపుకోవాలి. ఇంకోటి, ఆవిడ రోజూ మొబైల్ మనీ ఏజెంటు దగ్గర కొంచెం కొంచెం నోట్లుగా తీసేది, ప్రతిసారీ చార్జీ, దానిమీద విత్‌డ్రా మీద సర్కారు వేసే 0.5 శాతం పన్ను. గుడ్డ షాపువాడికి ఫోన్లోనే కట్టేస్తే ఆ విత్‌డ్రాలు చాలామటుకు తప్పుతాయి. కొత్త విద్యా సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది, ఆర్డర్లన్నీ జనవరిలోనే మీదపడతాయి, స్కూళ్లు డబ్బిచ్చేది ఎప్పుడో. సగం అడ్వాన్సు అడగమంటే మొదట ఒప్పుకోలేదు, కస్టమర్లు పోతారని. ఆ భయం తప్పని నేననలేను. కొత్త స్కూళ్ల దగ్గర మాత్రం అడిగి చూస్తానంది.

తిరుగు ప్రయాణానికి ఎంటెబ్బే విమానాశ్రయం కంపాలా అవతల ఇంకో 40 కిలోమీటర్లు, కంపాలా ట్రాఫిక్ దాటాలి. నాలుగు గంటలు చాలనుకున్నాను, మీరు ఆరు పెట్టుకోండి. చెక్-ఇన్ మూసేస్తారన్న టెన్షన్‌తో లైన్లో ఉండగా ఆవిడ దగ్గర్నుంచి ఫొటో వచ్చింది: నోటుబుక్కు పేజీ, మధ్యలో స్కేలుతో గీసిన గీత, ఎడమ షాపు, కుడి ఇల్లు. చర్చి కానుక ఎడమవైపే ఉంది.