లీడర్‌ని లోపలే పెంచుకోవాలా, బయట నుంచి తెచ్చుకోవాలా?

హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, బింగ్, సర్వర్లు, క్లౌడ్ ఇలా ఒక్కో చోటా పనిచేసుకుంటూ వచ్చి 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాడు. అదే ఏడాది ఆగస్టులో ఇన్ఫోసిస్ ఇంకో రూటు పట్టింది, జర్మన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్‌లో పనిచేసిన విశాల్ సిక్కాని తెచ్చుకుంది, ఫౌండర్ కాని మొదటి సీఈఓ ఆయనే.

లోపలి మనిషికి ఏ టీమ్ ఎవరికి అడ్డం పడుతుందో, ఎవరి మాట నడుస్తుందో ముందే తెలుసు, ఇంట్లో ఏ తలుపు కిర్రుమంటుందో తెలిసినట్టు. కాకపోతే పాత అలవాట్లు కూడా ఒంటబట్టేసి ఉంటాయి, పాత స్నేహాలు సరేసరి. నాదెళ్లకి కలిసొచ్చింది, నా లెక్కలో, రకరకాల డివిజన్లు తిరగడమే, ఒకే కుర్చీలో 20 ఏళ్లు కూర్చుంటే అది రాదు.

బయటోడు కొత్త కళ్లతో చూస్తాడు, నిజమే. సిక్కా డిజైన్ థింకింగ్ (వాడేవాళ్ల అవసరం నుంచి మొదలుపెట్టి ఆలోచించే పద్ధతి) ట్రైనింగ్, ఆటోమేషన్ అంటూ బాగానే కదిలించాడు, కానీ జీతాలు, పనయా అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుగోలు, గవర్నెన్స్ మీద ఫౌండర్లకీ బోర్డుకీ పడక 2017 ఆగస్టులో రాజీనామా చేశాడు. అలాగని బయటోళ్లు నిలబడరని కాదు, 2018 జనవరిలో క్యాప్‌జెమినీ అనే ఐటీ కంపెనీ నుంచి ఇన్ఫోసిస్ సీఈఓగా వచ్చిన సలీల్ పరేఖ్ మొదటి టర్మ్‌తో ఆగలేదు, మళ్లీ ఆయన్నే కొనసాగించారు.

విచిత్రం ఏంటంటే మైసూరులో లీడర్లని తయారుచేయడానికి ఇన్‌స్టిట్యూటే పెట్టుకున్న కంపెనీ ఈ ఇన్ఫోసిస్! నన్నడిగితే ఫస్ట్ చాయిస్ లోపలోళ్లే, బిజినెస్ పూర్తిగా దారి మార్చాల్సొస్తే మాత్రం బయటోడు, అదీ బోర్డు అతని వెనకాల గట్టిగా నిలబడితేనే.