బీదర్ ఒక పూటలో చూసి వచ్చే ఊరు కాదు

హైదరాబాదులో శని, ఆదివారాలకు ఒక పండుగ సెలవు తోడైతే చాలు, బండ్లన్నీ అనంతగిరికో నాగార్జునసాగర్‌కో శ్రీశైలానికో బారులు తీరుతాయి. ముంబై రహదారి మీద పడమరగా వెళ్లి, జహీరాబాదు దగ్గర కుడివైపు తిరిగితే బీదర్ వస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. దూరం 140 కిలోమీటర్ల పైచిలుకు. కారులో సుమారు మూడు గంటలు పడుతుంది. బస్సులకు కొదవ లేదు, వికారాబాద్ మీదుగా రైలు కూడా ఉంది. ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా, 1956 దాకా బీదర్ కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే. జహీరాబాదు, నారాయణఖేడ్ అప్పట్లో బీదర్ జిల్లాలో ఉండేవి. అందుకే కన్నడం రాకపోయినా అక్కడ పని జరిగిపోతుంది. తెలుగు అర్థం చేసుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ దొరుకుతారు, ఉర్దూ వస్తే ఇక దిగులే లేదు.

పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు కోట చూసి, ఎండకు సొమ్మసిల్లి, దారిలో భోంచేసి వస్తారు. వాళ్లను అడిగితే "పాత గోడలు, అంతే" అంటారు. ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. ఈ ఊరికి ఒక రాత్రి ఇవ్వాలి. ఇస్తే హైదరాబాదు చుట్టుపక్కల దీనికి సాటి వచ్చే చోటు లేదన్నది నా అభిప్రాయం.

నేను మా నాన్నతో వెళ్లాను. ఆయన జీవితమంతా కంసాలి పని చేశారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, కళ్లు మాత్రం ఇంకా వెండి తీగ మందాన్ని చూపుతోనే చెప్పేస్తాయి. కాబట్టి మెట్లు, నీడ, కూర్చునే చోటు ఎక్కడున్నాయో నేను చూసుకుంటూ తిరిగాను. పనితనం ఎక్కడుందో ఆయన చూపించారు.

కోటతో మొదలుపెట్టండి, అయితే మధ్యాహ్నం మూడు దాటాకే వెళ్లండి. బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చిన తర్వాత కట్టించిన కోట ఇది. ఊరంతా ఎర్రటి లాటరైటు రాతి పీఠభూమి మీద ఉంది. కోట చుట్టూ ఉన్న కందకాన్ని ఆ రాతిలోకే తొలిచారు. ఒక వైపున రాతి గోడలను మధ్యలో అలాగే వదిలేసి మూడు వరసల కందకం చేశారు. షర్జా దర్వాజా, గుంబద్ దర్వాజా దాటి కారు లోపలి దాకా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లకు నడక తగ్గుతుంది. సోలా ఖంబా మసీదు 1420ల నాటిది. లోపల లావుపాటి స్తంభాల వరసల మధ్య చల్లగా ఉంటుంది, నాన్న అక్కడే చాలాసేపు కూర్చున్నారు. పైన వాయుసేన శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. సూర్యకిరణ్ బృందం స్థావరం బీదరే కాబట్టి, అదృష్టం బాగుంటే విన్యాసాల సాధన కూడా కంటబడుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది అదనపు లాభం.

కోటలో మిగతావన్నీ ఒక ఎత్తు, రంగీన్ మహల్ ఒక ఎత్తు. గుంబద్ దర్వాజా దాటగానే వస్తుంది, బయటి నుంచి చూస్తే మామూలు గోడ. తలుపుకు తాళం కనిపిస్తే వెనక్కి తిరగకండి. దగ్గర్లోనే పాత స్నానశాలలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, అక్కడి సిబ్బందిని మర్యాదగా అడగండి. మాకు తాళం తీసి చూపించారు. మొదట చెక్కిన కలప స్తంభాలు, తర్వాత రంగు పలకలు, లోపలి గది ద్వారబంధం మీద అసలు విశేషం. నిగనిగలాడే నల్లరాతిలో సన్నని గాళ్లు తీసి ముత్యపు చిప్ప ముక్కలు పొదిగారు. తీగలు, ఆకులు, అక్షరాలు. బహమనీల తర్వాత బీదర్‌ను ఏలిన బరీద్ షాహీ వంశపు అలీ బరీద్ షా పదహారో శతాబ్దంలో చేయించిన అలంకారమిది. నాన్న కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, ముఖం రాతికి జానెడు దూరంలో పెట్టి, ఒక ఆకు అంచును చాలాసేపు చూశారు. "చిప్ప విరగకుండా వంపు కోయడం ఎంత కష్టమో తెలుసా? లోహమైతే వంగుతుంది, ఇది వంగదు, పగులుతుంది" అన్నారు. రాతికీ చిప్పకీ మధ్య వెంట్రుక పట్టేంత సందు కూడా నాకు కనిపించలేదు.

ఇది చూశాక బిద్రీ పని, అంటే నల్లని లోహంలో వెండి పొదిగే ఈ ఊరి కళ, చూడాలి. నా మాట విని ఈ వరస తప్పకండి. నల్లరాతిలో తెల్లని చిప్ప మెరిసినట్టే నల్లని లోహంలో తెల్లని వెండి మెరుస్తుంది. రెండూ చూసినవాళ్లకు ఈ ఊరి అభిరుచి ఎటువంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

బిద్రీ దుకాణాలు పాతబస్తీలో ఉన్నాయి. అద్దాల అరల ముందు నిలబడి కొనుక్కుని వచ్చేయకండి. వెనక పనిచేసే చోటు చూపించమని అడగండి, చాలామంది సంతోషంగా చూపిస్తారు. మేం వెళ్లినచోట ఇద్దరు కార్మికులు నేల మీద కూర్చుని పని చేస్తున్నారు. పెద్దాయనతో నాన్న పాతబస్తీ ఉర్దూలో మాట కలిపారు. ఈయన ఆయన్ను ఉస్తాద్ అంటే, ఆయన తిరిగి ఈయన్ను ఉస్తాద్ అన్నాడు. ఇక నాకు పని లేకపోయింది, వింటూ కూర్చున్నాను.

బిద్రీ లోహంలో ఎక్కువ భాగం జింకు, కాస్త రాగి. ఇసుక అచ్చులో పోసి, చల్లారాక ఆకురాయితో నున్నగా చేస్తారు. అప్పటికి అది బూడిదరంగులో ఉంటుంది, దాని మీద గీస్తే గీత సరిగా కనబడదు. అందుకని మైలుతుత్తం నీళ్లు రుద్ది తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపు మీద మొనదేలిన ఉక్కు కలంతో పువ్వులు, లతలు చేత్తోనే గీస్తారు. తర్వాత సన్నని ఉలితో ఆ గీతల వెంట గాడి తీస్తారు. గాడిలోకి వెండి తీగను పెట్టి చిన్న సుత్తితో కొడతారు. తీగ పొదిగితే తార్‌కషీ, రేకు పొదిగితే తెహ్‌నిషాన్. నాన్న దృష్టంతా ఆ సుత్తి మీదే. దెబ్బ గట్టిగా పడితే తీగ పక్కకు సాగుతుంది, మెత్తగా పడితే గాడిని పట్టుకోదు. ఆ కార్మికుడు ఒక మొగ్గ చుట్టూ తీగ తిప్పుతూ, వేలి గోటితో కొసను నొక్కి పట్టి, టకటకమని కొట్టుకుంటూ పోయాడు, కొస చేరగానే మిగిలిన తీగను ఉలితో తెంపాడు. అతకడానికి జిగురు లేదు, టంకం లేదు. గాడి బిగువే దానికి ఆధారం.

అందరూ చెప్పుకునే భాగం చివర్లో వస్తుంది. ఆకురాయి, గరుకు కాగితం పట్టించి అంతా సమం చేశాక వస్తువును కొద్దిగా వేడిచేసి, నవాసాగరం కలిపిన మట్టి ముద్దతో రుద్దుతారు. ఆ మట్టి కోటలోది, అదీ ఏళ్ల తరబడి ఎండా వానా తగలని పాత కట్టడాల లోపలిది. పనికొచ్చే మట్టేనా కాదా అన్నది నాలుక మీద వేసుకుని రుచి చూసి చెబుతారు. ఆ ముద్ద తగిలితే జింకు లోహం శాశ్వతంగా కాటుక నలుపుకు తిరుగుతుంది, వెండికి మాత్రం మచ్చ కూడా పడదు. నూనె పట్టించి తుడిస్తే పని పూర్తయినట్టే. బీదర్ బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం ఎందుకో ఆ గదిలో పది నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది.

కొనేటప్పుడు నాన్న చెప్పిన కిటుకు ఒకటి. బొటనవేలి గోరును డిజైను మీద అడ్డంగా నెమ్మదిగా లాగండి. వెండి అంచు దగ్గర గోరు తగులుకుంటే పొదుగు సమంగా లేదని అర్థం. జారిపోతే మంచి పని. తర్వాత వెలుతురులో వంచి చూడండి, తీగ మందం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. పెద్ద హుక్కా కుండలు, పూలకుండీలు చూడటానికి ఘనంగా ఉంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది. వెండి బరువు, పని గంటలు కలిపి చూస్తే నాకు ఆ ధర అన్యాయమని అనిపించలేదు. గట్టిగా బేరమాడటం నాకు మనసొప్పలేదు, మీరూ ఆడకండి. నాన్న అష్రఫీ బూటీ అనే పూల నమూనా వేసిన చిన్న గుండ్రని డబ్బీ తీసుకున్నారు. అడిగిన ధరే ఇచ్చారు.

రాత్రి బస ఈ ఊరి బలహీనత. బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జీలో దుప్పట్లు మార్చమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది, వేడినీళ్లు ఏడు గంటలకే ఆగిపోయాయి. గది చూడకుండా డబ్బు కట్టకండి, పెద్దవాళ్లుంటే కింది అంతస్తు అడగండి. తిండికి మాత్రం లోటు లేదు. జొన్న రొట్టె, నూనె వంకాయ, పల్లీల పొడి మన నాలుకకు కొత్త కాదు.

అయినా ఒక పూట భోజనం గురుద్వారాలో చేయండి. నానక్ ఝీరా సాహిబ్ అంటారు. గురునానక్ ఇక్కడికి వచ్చినప్పుడు రాతి కింద నుంచి నీటి ఊట పుట్టిందని సిక్కుల విశ్వాసం, ఆ ఊట ఇప్పటికీ పారుతోంది. గురు గోవింద్ సింగ్ తొలి ఐదుగురు ప్రియ శిష్యులైన పంజ్ ప్యారేలలో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ సొంత ఊరు బీదర్. తలకు గుడ్డ కట్టుకుని, కాళ్లు కడుక్కుని వెళ్లాలి. లంగరులో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, వరసలో కూర్చుంటే రొట్టె, పప్పు వడ్డిస్తారు. ఎవరు, ఏ కులం, ఏ ఊరు అని ఎవరూ అడగరు. నాన్న కింద కూర్చోలేకపోతుంటే ఒక కుర్రాడు అడక్కుండానే ఎత్తు పీట తెచ్చి వేశాడు.

ఆదివారం పొద్దున్నే అష్టూరు వెళ్లండి, ఊరికి తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరమే. దారిలో చౌఖండీ వస్తుంది. అది సూఫీ గురువు ఖలీలుల్లా సమాధి. మెట్లు ఎక్కువ కాబట్టి నాన్న కింద ఆగిపోయారు. అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులు పొలాల మధ్య వరసగా ఉంటాయి. పిడుగు పడి కూలిన హుమాయూన్ సమాధి సగానికి కొట్టిన కొబ్బరికాయలా నిలబడి ఉంది. గుమ్మటం లోపల గోడ ఎంత మందమో, ఇటుకలు ఎలా పేర్చారో తేటతెల్లంగా కనిపిస్తుంది. ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

అహ్మద్ షా వలీ సమాధి లోపల చీకటి. కాపలాదారు గుమ్మం దగ్గర చిన్న అద్దం పట్టుకుని ఎండను లోపలికి తిప్పాడు. వెలుగు పడినచోటల్లా ఎరుపు, నీలం, బంగారు రంగుల లతలు, అక్షరాలు బయటపడ్డాయి. దాదాపు ఆరు వందల ఏళ్ల నాటి చిత్రాలవి. ఈయన ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు. ఫోను వెలుతురు వేయకండి, అద్దం వెలుతురే చాలు. కాపలాదారు చేతిలో ఏదైనా పెట్టడం మరిచిపోకండి.

మహమూద్ గవాన్ మదరసా ఊరి నడిబొడ్డునే ఉంది, నడిచి వెళ్లవచ్చు. ఇరాన్ నుంచి వచ్చి బహమనీ ప్రధాని అయిన గవాన్ 1472లో కట్టించిన విద్యాలయం, మూడంతస్తులది. 1481లో దొంగ ఉత్తరం సృష్టించి ఆయనపై నేరం మోపారు, సుల్తాను తల తీయించాడు. 1696లో పేలుడుకు ముందుభాగం సగం కూలింది. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది, దాని మీద నీలి పలకల మెలికల వరస అక్కడక్కడా ఇంకా ఉంది. సాయంత్రపు ఎండ పడే వేళ వెళ్తే ఆ రంగు బాగా తెలుస్తుంది.

నరసింహ ఝరణి గురించి అందరూ అడుగుతారు. గుహలో నడుము దాకా, ఒక్కోచోట ఛాతీ దాకా నీళ్లలో నడిచి వెళ్లి స్వామిని చూడాలి. పైన గబ్బిలాలు. సెలవు రోజుల్లో లోపల కిక్కిరిసిపోతారు, గాలి ఆడదు. చిన్నపిల్లలను, ఆయాసం ఉన్నవాళ్లను తీసుకెళ్లవద్దని గట్టిగా చెబుతాను. అప్పుడప్పుడూ గుహ మూసేస్తుంటారు, బయలుదేరే ముందు ఊళ్లో అడిగి వెళ్లండి. నేను నాన్నను వదిలి వెళ్లలేదు, దాని బదులు మళ్లీ ఒకసారి బిద్రీ గదిలో కూర్చున్నాం.

వానలు తగ్గిన అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేసవిలో ఆ ఎర్రరాయి సెగలు కక్కుతుంది, అప్పుడు వద్దు. ఆదివారం మధ్యాహ్నం మూడు లోపే తిరుగు ప్రయాణం పెట్టుకోండి. ఆలస్యమైతే సంగారెడ్డి దాటినప్పటి నుంచి పటాన్‌చెరు దాకా లారీల వెనకే ఇంటికి చేరాలి.